నర్సుల ఆదరణను కొలవడం ఎలా?

వార్డులో మంచం పక్కన నిలబడి ‘సిస్టర్లు ఎలా చూసుకుంటున్నారు?’ అని అడగండి. ‘ఆఁ, బాగానే చూస్తున్నారండి’ అంటారు. సాయంత్రం ఇంజెక్షన్ వేయాల్సింది ఆ సిస్టరే కదా, ఇంకేమంటారు! ఎమ్మెస్సీ నర్సింగ్ థీసిస్ కోసమో, హెడ్ సిస్టర్‌గా మీ వార్డు సంగతి తెలుసుకోవడానికో ఈ పనికి దిగుతుంటే, ముందు ఈ మొహమాటాన్ని దాటే దారి చూసుకోవాలి. లెక్కలు ఆ తర్వాత.

1. ఎవరిని అడగాలో తేల్చుకోండి. నర్సులే తమకు మార్కులు వేసుకునే పద్ధతి సులువు. దానివల్ల వాళ్లు దేన్ని ముఖ్యమనుకుంటున్నారో తెలుస్తుంది, అంతే. ఆదరణ అందిందో లేదో చెప్పాల్సింది పేషెంటే. పసిపిల్లలు, స్పృహలో లేనివారి తరఫున తోడున్నవాళ్లను అడగండి. ఆ ఫారాలు విడిగా ఉంచండి.

2. ప్రశ్నలు సొంతంగా అల్లొద్దు. జేన్ వుల్ఫ్ తయారుచేసిన ‘కేరింగ్ బిహేవియర్స్ ఇన్వెంటరీ’ని 2006లో 24 అంశాలకు కుదించారు. ఒక్కోదానికి 1 నుంచి 6 మార్కులు. భరోసా, పనితనం, గౌరవం, దగ్గరితనం అన్నీ అందులో వస్తాయి. స్కాట్లాండ్‌లో పుట్టిన ‘కేర్ మెజర్’లో పదే ప్రశ్నలు, మొత్తం 50 మార్కులు. చిన్నదిగా ఉందని దానివైపు మొగ్గకండి. అది ఒక్కసారి చూపించుకున్న అనుభవం గురించే అడుగుతుంది. షుగర్ క్లినిక్‌కు సరిపోతుంది గానీ, మూడు షిఫ్టుల్లో మనుషులు మారిపోయే వార్డుకు నప్పదు. ఏది వాడినా రూపొందించినవారి అనుమతి తీసుకోండి.

3. తెలుగు చేయండి. ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి. రెండింటినీ సరిచూసి ఒకటి చేశాక, అసలు ప్రతి చూడని మూడో మనిషి దాన్ని తిరిగి ఇంగ్లిషులో రాయాలి. తేడా వచ్చిన చోట ఆగండి. పేషెంటును తనకిష్టమైన పేరుతో పిలవడం అన్న అంశం ఉందనుకోండి. డెబ్భై ఏళ్ల ఆవిడను చిన్నపిల్ల లాంటి సిస్టర్ పేరు పెట్టి పిలిస్తే మన దగ్గర అమర్యాద. ‘పెద్దమ్మా’ అంటేనే ఆవిడకు ప్రాణం లేచొస్తుంది. కాబట్టి ‘మీకు నచ్చేలా పిలిచారా?’ అని అడగాలి. ‘గోప్యత పాటించారా?’ అంటే తెల్లమొహం వేస్తారు. ‘మీ జబ్బు సంగతి పక్క మంచాలవాళ్లకు వినపడకుండా మాట్లాడారా?’ అంటే టక్కున చెబుతారు. పదిమందికి చదివి వినిపించి, ఏం అర్థమైందో వాళ్ల మాటల్లో చెప్పించుకోండి.

4. ఎథిక్స్ కమిటీ అనుమతి, పేషెంటు సమ్మతి తప్పనిసరి. ఫారం మీద పేరు వద్దు.

5. పేషెంటు ఇంటికెళ్లాక అడగండి. అమెరికా ఆస్పత్రుల్లో జరిగే హెచ్‌క్యాప్స్ సర్వే డిశ్చార్జి అయిన 48 గంటల తర్వాతే, ఆరు వారాల్లోపు మొదలవుతుంది. మన కేంద్ర ప్రభుత్వపు ‘మేరా అస్పతాల్’ కూడా 2016 నుంచి ఎస్సెమ్మెస్, ఫోన్ ద్వారా అభిప్రాయాలు అడుగుతోంది గానీ అది ఆస్పత్రి మొత్తం మీద. మీ తరఫున అడిగే మనిషి ఆ వార్డులో పనిచేసేవారు కాకూడదు. 1 నుంచి 6 దాకా మార్కుల మెట్లన్నీ నోటితో చెబితే ఎవరికీ గుర్తుండవు. ముందు ‘చేశారా, లేదా?’ అనండి, తర్వాత ‘ఎప్పుడూనా, అప్పుడప్పుడా?’ అనండి.

6. సగటును నమ్మకండి. అది ఎలాగూ ఎక్కువే వస్తుంది. హెచ్‌క్యాప్స్ ఫలితాల్లో ‘ఎప్పుడూ’ అన్న జవాబుల శాతాన్నే ముందు చూస్తారు. మీరూ అలాగే చేసి, అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంశం ఏదో వెతకండి. దాని పక్కనే, ఆ పేషెంట్లు వార్డులో ఉన్న నెలలో ఒక్కో షిఫ్టుకు ఎంతమంది నర్సులు, ఎంతమంది పేషెంట్లో రాయండి. బ్రిటన్‌లో మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆస్పత్రి మీద 2013లో వచ్చిన ఫ్రాన్సిస్ నివేదిక, మంచినీళ్లు కూడా అందని రోగుల గురించి చెబుతూ సిబ్బంది కోతనూ ఎత్తిచూపింది. ఒక్కతే నలభై మందిని చూసే రాత్రి డ్యూటీలో మార్కు తగ్గితే తప్పు ఆ అమ్మాయిదా?

అందుకే ఫలితాలు వార్డువారీగానే ఇవ్వండి, మనిషివారీగా వద్దు. మేనేజ్‌మెంటు కంటే ముందు ఆ వార్డు నర్సులకే చూపించండి. ఆరు నెలలకు అదే ఫారంతో, అదే పద్ధతిలో మళ్లీ అడగండి.