మోటారు రేడియోకు కొత్త దీపము

మోటారు వాహనముతోపాటు కర్మాగారములోనే అమర్చబడి వచ్చు రేడియో సాధారణముగా దృఢమైనది. ఏండ్లు గడచినను దాని ధ్వని అంత త్వరగా చెడదు. కాని లోపలి దీపము ముందుగా ఆరిపోవును. పగటివేళ ఈ లోపమును ఎవరును గమనింపరు. చీకటి పడిన పిమ్మట అంకెలు కానరావు, మీటలు తెలియవు. బండి నడపువారు చేతితో తడవుచు, దారిమీది చూపును రేడియో వైపు మరలింతురు. మన బళేపేట వీధులలో పాదచారులును, తోపుడుబండ్లును, స్కూటర్లును ఒకరినొకరు రాచుకొనుచు పోవుదురు. అట్టి చోట ఒక్క క్షణము చూపు తప్పినను ప్రమాదమే.

దీపము పోయినదని మంచి రేడియోను తీసి పారవేయువారు కలరు. అట్లు చేయనక్కరలేదు. పాత బల్బుకు బదులుగా ఎల్.ఇ.డి. దీపమును అమర్చు విధమును ఈ పాఠమున వివరింతుము. దీనికి మన తరగతిలో చదివిన ఓము నియమము తప్ప వేరు శాస్త్రము అక్కరలేదు.

1. పాత దీపము ఏల ఆరిపోవును?

పాత రేడియోలలో గోధుమగింజంత చిన్న బల్బు ఉండును. దాని లోపల టంగ్‌స్టన్ తంతువు కలదు. విద్యుత్తు ప్రవహించినపుడు ఆ తంతువు రెండువేల డిగ్రీలకు పైగా కాగి వెలుగునిచ్చును. 1905 ఆగస్టు 5వ తేదీన బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినవి. ఆ తరువాత చాలకాలము మన ఇండ్లకు వెలుగునిచ్చినదియు కాగిన తంతువే.

ఈ పద్ధతిలో లోపములు రెండు. మొదటిది, ఖర్చయిన శక్తిలో చాలభాగము వేడిగా పోవును; కొద్దిభాగమే వెలుగగును. రెండవది, కాగిన లోహము కొంచెము కొంచెముగా ఆవిరియై, తంతువు ఒకచోట సన్నబడును. గతుకుల దారిలో బండి అదిరినపుడు అది అక్కడనే తెగును.

2. ఎల్.ఇ.డి. అనగా నేమి?

దీనిని తెలుగున కాంతి ఉద్గార డయోడు అందురు. ఇందు తంతువు లేదు. రెండు విధములైన అర్ధవాహక పదార్థములు ఒకదానితో ఒకటి కలిసియుండును. ఒకదానియందు ఎలక్ట్రాన్లు అధికము; రెండవదానియందు ఎలక్ట్రాన్లు లేని ఖాళీలు అధికము. విద్యుత్తు సరియైన దిశలో ప్రవహించినపుడు ఎలక్ట్రాన్లు ఆ ఖాళీలలో చేరి, తమయందలి అధికశక్తిని వెలుగుగా విడుచును. ఆ శక్తి ఎంతయో దానినిబట్టి వెలుగు రంగు ఏర్పడును.

1907లో హెన్రీ రౌండ్ అను ఇంజనీరు ఒక స్ఫటికమునుండి ఇట్టి వెలుగు వచ్చుట గమనించెను. 1962లో నిక్ హోలోన్యాక్ ఎర్రని వెలుగునిచ్చు డయోడును చేసెను. నీలి వెలుగు మాత్రము బహుకాలము శాస్త్రజ్ఞులకు లొంగలేదు. దానిని సాధించిన అకసాకి, అమానో, నాకమురా అను మువ్వురకు 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి లభించెను. నేటి తెల్లని ఎల్.ఇ.డి.లో నిజముగా ఉన్నది నీలి వెలుగే. దానిపై పూసిన పసుపుపచ్చని పదార్థము ఆ నీలములో కొంత గ్రహించి పసుపు వెలుగునిచ్చును. రెండును కలిసి మన కంటికి తెలుపుగా తోచును.

3. లెక్క

మోటారు బ్యాటరీని 12 వోల్టులదని వాడుకగా చెప్పుదురు. నిండుగా ఉన్నపుడు అది సుమారు 12.6 వోల్టులు, ఇంజను నడచునపుడు 14.4 వోల్టుల వరకు పెరుగును. తెల్లని ఎల్.ఇ.డి.కి కావలసినది సుమారు 3.2 వోల్టులు మాత్రమే. దానిని నేరుగా బ్యాటరీకి తగిలించినచో ప్రవాహము అదుపు తప్పి, డయోడు తత్‌క్షణమే మాడిపోవును. కావున దానితో వరుసగా ఒక నిరోధకమును చేర్చవలెను.

సాధారణమైన చిన్న ఎల్.ఇ.డి. 20 మిల్లీ ఆంపియర్ల వరకు సహించును. రేడియో ముఖమునకు 10 మిల్లీ ఆంపియర్లు, అనగా 0.010 ఆంపియరు చాలును.

నిరోధకముపై పడు వోల్టేజి: 14.4 − 3.2 = 11.2 వోల్టులు.
కావలసిన నిరోధము: 11.2 ÷ 0.010 = 1,120 ఓములు.

అంగడిలో సులభముగా దొరకునది 1,200 ఓములది. దానితో ప్రవాహము సుమారు 9.3 మిల్లీ ఆంపియర్లగును. నిరోధకమున ఖర్చగు శక్తి 11.2 × 0.0093, అనగా సుమారు 0.10 వాట్టు. పావు వాట్టు నిరోధకము దీనిని సుఖముగా భరించును.

రెండు ఎల్.ఇ.డి.లను వరుసగా కలిపినచో వానికి 6.4 వోల్టులు పోగా 8 వోల్టులు మిగులును. అపుడు 820 ఓములు సరిపోవును. నాలుగింటిని ఒకే వరుసలో పెట్టవచ్చునా? వానికి 12.8 వోల్టులు కావలెను. ఇంజను ఆగినపుడు బ్యాటరీయందు అంత లేదు. అవి సరిగా వెలుగవు. కావున రెండేసి చొప్పున జతపరచుటయే మేలు.

4. పని చేయు విధము

మొదట బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పవలెను. కొన్ని రేడియోలు విద్యుత్తు తొలగి మరల వచ్చినపుడు రహస్యసంఖ్యను అడుగును. అది మన వద్ద ఉన్నదో లేదో ముందే చూచుకొనవలెను. పిమ్మట రేడియోను వెలికితీసి, ముఖఫలకమును విప్పి, పాత బల్బుల స్థానములను కాగితముపై గీచుకొనవలెను. కొన్నిటియందు బల్బు తిప్పిన ఊడివచ్చును. కొన్నిటియందు టంకముతో అతికియుండును.

బల్బునకు ధన ఋణ భేదము లేదు, ఎల్.ఇ.డి.కి కలదు. కొత్త ఎల్.ఇ.డి.లో పొడవైన కాలు ధనధ్రువము. అంచు చదునుగా ఉన్న వైపు ఋణధ్రువము. కాబట్టి పాత బల్బు ఉన్నచోట ఏ కొన ధనమో మల్టీమీటరుతో పరీక్షించి గుర్తుపెట్టుకొనవలెను. ఈ పరీక్షకు మాత్రము రేడియోకు తాత్కాలికముగా విద్యుత్తు ఇచ్చి, వెంటనే తీసివేయవలెను.

టంకము వేయునపుడు ఇనుమును ఎల్.ఇ.డి. కాలిపై మూడు సెకనులకు మించి ఉంచరాదు. కాలిని పట్టుకారుతో పట్టుకొన్నచో వేడి లోపలికి పోక పట్టుకారులోనికి పోవును. నిరోధకపు కాళ్లకు తొడుగు వేసి, అవి మరియొక తీగను తాకకుండ చేయవలెను. బిగించుటకు ముందే ఒకసారి వెలిగించి చూడవలెను.

5. వెలుగు, రంగు, మసక

బల్బు నలుదిక్కులకు వెలుగు చిమ్మును. ఎల్.ఇ.డి. ముందువైపునకే చిమ్మును. అందువలన ఫలకముపై ఒకచోట మెరుపును, మరియొకచోట చీకటియు ఏర్పడును. డయోడు తలను సన్నని ఉప్పుకాగితముతో రుద్ది గరుకు చేసినచో వెలుగు చెదిరి అంతట పరచుకొనును.

పాత బల్బులకు ఆకుపచ్చని తొడుగు ఉండుట కలదు. అది ఆకుపచ్చ వెలుగును మాత్రమే పోనిచ్చి, తక్కిన రంగులను అడ్డగించును. అట్టి తొడుగులో ఎర్రని ఎల్.ఇ.డి. పెట్టిన చీకటియే ఫలము. తెలుపుగాని, ఆకుపచ్చగాని పెట్టవలెను. ఫలకము నారింజరంగుదైనచో పసుపుఛాయ గల తెలుపు తగును.

కొన్ని బండ్లలో రాత్రివేళ వెలుగును తగ్గించు మీట కలదు. పాతవానిలో అది మార్చదగిన నిరోధకము. దానికి నాలుగు బల్బులు మాత్రమే కలిపియున్నవనియు, వానికి 200 మిల్లీ ఆంపియర్లు కావలెననియు అనుకొందము. మీటలో 20 ఓములున్నచో 4 వోల్టులు తగ్గి, బల్బులు మసకబారును. జతలుగా కలిపిన నాలుగు ఎల్.ఇ.డి.లకు 20 మిల్లీ ఆంపియర్లే చాలును. అపుడు తగ్గునది 0.4 వోల్టు మాత్రమే. మీటను ఎంత త్రిప్పినను మార్పు అంతగా కనబడదు. కావున మొదటనే నిరోధమును కొంత పెంచి, రాత్రి కంటికి హాయిగా ఉండునట్లు వెలుగును తగ్గించుకొనవలెను. అధికమైన వెలుగు కన్నులను మిరుమిట్లు గొలిపి, దారిని కానరాకుండ చేయును. అది చీకటికంటె మేలు కాదు.

6. జాగ్రత్తలు

ఈ పనిని విద్యార్థులు పెద్దల యెదుటనే చేయవలెను. టంకమునందు సీసము ఉండవచ్చును. గాలి ఆడు చోట కూర్చుండి, పని ముగిసిన పిమ్మట చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. కొత్త వాహనములలో పసుపుపచ్చని తొడుగు గల తీగలు గాలిసంచులకు సంబంధించినవి, వానిని తాకరాదు. అంగడిలో దొరకు కొన్ని చౌక ఎల్.ఇ.డి. బల్బులలోని సర్క్యూటు రేడియోలో గరగర శబ్దమును పుట్టించును. నిరోధకముతో చేసినదానికి ఆ దోషము లేదు.

7. తల్లిదండ్రులకు ఒక మాట

ఈ వస్తువులకై దూరము పోనక్కరలేదు. ఎలక్ట్రానిక్ సామగ్రికి ఎస్.పి. రోడ్డును, మోటారు విడిభాగములకు జె.సి. రోడ్డును మన పేటకు సమీపముననే ఉన్నవి. అక్కడ బేరము కన్నడమునను, తమిళమునను, హిందీలోను, ఇంగ్లీషులోను సాగును. మన పిల్లలు ఆ భాషలను నేర్వవలసినదే. మనము వెలుగు అనుదానినే కన్నడిగులు బెళకు అందురు. రెండును ఒకే మూలమునుండి పుట్టిన మాటలు. ఇట్టి చుట్టరికము తెలిసినవారికి ఇరుగుపొరుగు భాష బరువు కాదు.

అయితే తెలుగున చదివిన శాస్త్రము ఎందుకు పనికివచ్చునని కొందరు తల్లిదండ్రులు మమ్ము అడుగుచుందురు. ఈ పాఠమునకు ఆధారమైన నియమమును కనుగొన్న జార్జ్ ఓము జర్మనీలో ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు. 1827లో దానిని తన మాతృభాషలోనే ప్రకటించెను. నేడు ఆయన పేరును అన్ని దేశములవారును ఉచ్చరించుచున్నారు. పైనున్న లెక్కను తెలుగున గ్రహించిన బాలుడు ఏ అంగడికి పోయినను, ఏ భాషలో అడిగినను, 1,200 ఓముల నిరోధకమునే కొని తెచ్చును. అర్థము గ్రహింపక ఇంగ్లీషున వల్లించినవాడు అంగడివాడు ఇచ్చినదానిని తెచ్చి డయోడును మాడ్చును. మొదట తెలియవలసినది విషయము. అది తల్లిభాషలో త్వరగా తెలియును. పిమ్మట పేర్లు ఎన్ని భాషలలోనైనను నేర్వవచ్చును.

అభ్యాసము

1. మూడు తెల్లని ఎల్.ఇ.డి.లను వరుసగా కలిపి 470 ఓముల నిరోధకము పెట్టినచో, 14.4 వోల్టుల వద్దను, 12.6 వోల్టుల వద్దను ప్రవాహమెంత?
2. రెండింటి జతకు 820 ఓములు పెట్టి అట్లే లెక్కించుము. ఇంజను ఆగినపుడు దేని వెలుగు తక్కువగా మారును? ఏల?
3. మీ ఇంటిలో ఎల్.ఇ.డి. దీపములు ఎచ్చటెచ్చట కలవో చూచి, వాని పేర్లను తెలుగునను కన్నడమునను వ్రాయుము.