పట్టాల మీద రైలుందని సిగ్నల్‌కు ఎలా తెలుస్తుంది?

సైన్స్ ఫెయిర్ వస్తోందంటే చాలు, రైలు నమూనా ఒకటైనా తయారవుతుంది. అట్టపెట్టెల స్టేషను, పుల్లల గేటు, ఎర్ర బల్బు, పచ్చ బల్బు అన్నీ ఉంటాయి. రైలు వచ్చినప్పుడు ఎర్ర బల్బు వెలిగించడానికి మాత్రం బల్ల వెనక ఒకరు నిలబడి స్విచ్ నొక్కుతుంటారు. ఆ పని రైలే చేసుకునేలా తీగలు ఎలా కలపాలో తెలుసుకుందాం. పదో తరగతి విద్యుత్తు పాఠం అర్థమైన వారెవరైనా చేయవచ్చు.

రైలు చక్రాలు, వాటిని కలిపే ఇరుసు, కింద రెండు పట్టాలు అన్నీ లోహమే. కాబట్టి రైలు ఎక్కడ నిలబడితే అక్కడ రెండు పట్టాలనూ ఒక తీగతో కలిపినట్టే. ఇది తెలియగానే ఎవరికైనా తట్టే ఉపాయం ఒకటుంది. ఒక పట్టాకు బ్యాటరీ, రెండో పట్టాకు ఎర్ర బల్బు తగిలిస్తే, రైలు రాగానే వలయం పూర్తయి బల్బు వెలుగుతుంది. చూడడానికి బాగానే ఉంటుంది. కానీ తీగ తెగితే? బ్యాటరీ అయిపోతే? రైలున్నా ఎర్ర బల్బు వెలగదు. లైను ఖాళీ అనుకుని వెనక బండి వచ్చేస్తుంది.

అమెరికాకు చెందిన విలియం రాబిన్సన్ కూడా మొదట ఇలాంటి పద్ధతే ప్రయత్నించాడు. లోపం గ్రహించి దాన్ని పూర్తిగా తిరగేశాడు. 1872లో ఆయన పేటెంట్ పొందిన ట్రాక్ సర్క్యూట్‌లో, రైలు లేనప్పుడే పట్టాల్లో కరెంటు ప్రవహిస్తూ ఉంటుంది. పట్టాల ముక్కకు ఒక కొసన బ్యాటరీ, రెండో కొసన రిలే ఉంటాయి. రిలే అంటే ఇనుప నాలుకను లాగి పట్టుకునే విద్యుదయస్కాంతం. నాలుక పైకి లాగి ఉన్నంతసేపు పచ్చ. రైలు వస్తే కరెంటు ఇరుసు గుండా సులువు దారి పట్టి బ్యాటరీకే తిరిగిపోతుంది. రిలేకు కరెంటు అందక నాలుక వదులుతుంది, ఎరుపు వెలుగుతుంది. తీగ తెగినా, బ్యాటరీ అయిపోయినా జరిగేది అదే. రిలేను బ్యాటరీ పక్కనే పెట్టకుండా ఎదురు కొసన పెట్టడంలో కూడా తెలివి ఉంది. మధ్యలో పట్టా విరిగినా రిలేకు కరెంటు ఆగిపోతుంది.

వానకు పట్టాల మధ్య నీరు నిలిస్తే కరెంటు కారిపోయి, రైలు లేకపోయినా ఎరుపు పడవచ్చు. బండి ఆగిందని మనం విసుక్కుంటాం గానీ అది మంచి వైపు తప్పు. అసలు భయం తుప్పుతో. అరుదుగా బండి తిరిగే లైన్లలో తుప్పు పట్టి చక్రం సరిగా తగలకపోతే, రైలున్నా రిలే వదలదు. ఇరుసులను లెక్కపెట్టే యాక్సిల్ కౌంటర్లకు ఈ బెడద లేదు.

ఇక మన నమూనా. మందపాటి జీఐ తీగలు రెండు పట్టాలు. నాలుగు టార్చి సెల్లులు వరుసగా కలిపితే 6 వోల్టులు. 70 ఓమ్‌ల చుట్ట ఉన్న 5 వోల్టుల రిలే, 22 ఓమ్‌ల 5 వాట్ల నిరోధం కొనండి. నిరోధాన్ని బ్యాటరీకి, పట్టాకు మధ్య కలపాలి. ఇది లేకపోతే రైలు రాగానే సెల్లులు షార్టయి వేడెక్కుతాయి. ఉంటే 6ను 22తో భాగించినంత, అంటే సుమారు 0.27 ఆంపియర్లే ప్రవహిస్తుంది. బల్బులకు వేరే సెల్లులు వాడండి. గోడ ప్లగ్గు కరెంటు జోలికి అసలు పోవద్దు. ఇరుసు ఇనుపదై ఉండాలి, పట్టాలను ఉప్పు కాగితంతో రుద్దాలి.

బండ్లు వేచి ఉండే లూప్ లైన్లు రెండు మూడు పెడితే ప్రతి లైనుకూ ఒక రిలే, ఒక నిరోధం కావాలి. ఒకవైపు పట్టాలన్నీ ఒకే నల్ల తీగకు కలపవచ్చు. రెండో వైపు పట్టాలను మాత్రం లైను లైనుకూ కోసి, మధ్యలో సైకిల్ ట్యూబు ముక్క పెట్టాలి. ఇక్కడే తీగల గందరగోళం మొదలవుతుంది. ప్రతి తీగ రెండు కొసలకూ చీటీ అంటించండి, పటం గీసుకోండి, పనికిరాని తీగను అక్కడే వదలకుండా పీకేయండి. ఇది చాదస్తం కాదు. 1988 డిసెంబరు 12న లండన్‌లోని క్లాపమ్ జంక్షన్ దగ్గర తొలగించకుండా వదిలిన పాత తీగ ఒకటి తగిలి, లైనులో రైలున్నా సిగ్నల్ ఎరుపు కాలేదు. 35 మంది చనిపోయారు. మన విజయవాడ మీదుగా తిరిగే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ 2023 జూన్ 2న ఒడిశాలోని బహనగా బజార్‌లో లూప్ లైనులో ఆగి ఉన్న గూడ్సును ఢీకొంది. 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. సిగ్నల్ సర్క్యూట్ మార్పుల్లో జరిగిన లోపాలే కారణమని ఆ జూలైలో రైల్వే మంత్రి రాజ్యసభకు తెలిపారు. మంచి సూత్రం ఉన్నా తీగ తప్పు చోట కలిపితే అది కాపాడలేదు.

ఈ విద్య నేర్పడానికే 1957 నుంచి సికింద్రాబాద్‌లో ఇరిసెట్ సంస్థ ఉంది. డిప్లొమా, బీఎస్సీ ఫిజిక్స్ చదివే పెద్ద తరగతుల వారు రైల్వేలోని సిగ్నల్ టెక్నీషియన్ ఉద్యోగాల ప్రకటనలు కూడా గమనిస్తుండాలి.

నమూనా పూర్తయ్యాక ఫెయిర్‌కు ముందురోజు ఒక పరీక్ష పెట్టండి. రైలును తీసేసి, పచ్చ బల్బు వెలుగుతుండగా పట్టాలకు వెళ్లే తీగలను ఒక్కొక్కటిగా ఊడదీయండి. ప్రతిసారీ ఎరుపు రావాలి. ఏ తీగ తీసినా పచ్చ అలాగే ఉంటే, ఆ కలపడంలో తప్పుంది. పటం ముందు పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి చూడండి.