కొలబద్ద ఎవరిది? — సీజను చివరి బహుమతుల మీద ఒక చర్చ
(బి.యస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి)

ఆటల పోటీలు ముగిసిన తర్వాత మొదలయ్యే పోటీ ఒకటున్నది. అది మైదానంలో జరగదు. హాస్టలు వరండాలో, మెస్సు బల్లల దగ్గర, రాయదుర్గంలో ఎక్కి ఉప్పల్ స్టేడియం దాకా పోయే మెట్రో రైలులో జరుగుతుంది. మెడలో కంపెనీ పట్టీ వేసుకున్న హైటెక్ సిటీ ఉద్యోగులూ, పుస్తకాల సంచీతో మేమూ అందులో సమానులమే. "ఈ ఏడు బహుమతి ఎవరికి ఇస్తే న్యాయం?" అన్నదొక్కటే ప్రశ్న. ఈ పోటీకి అంపైరు లేడు, ఓవర్ల పరిమితి లేదు. 2016 నాటి ఐపీఎల్ మీద మా హాస్టల్లో వాదన ఇప్పటికీ తెగలేదంటే పాఠకమిత్రులు నమ్మాలి. ఆ ఏడు మాలో చాలామంది ప్రాథమికోన్నత పాఠశాలలో ఉన్నాం!

ముందుగా ఒక తేడా చెప్పుకోవాలి. ఐపీఎల్లో అందరికన్నా ఎక్కువ పరుగులు చేసినవాడికి ఆరెంజ్ క్యాప్, ఎక్కువ వికెట్లు తీసినవాడికి పర్పుల్ క్యాప్ ఇస్తారు. వీటి మీద వాదనకు చోటే లేదు. లెక్కపెట్టడం వచ్చినవాడెవడైనా ఇవ్వగలడు. మన సన్‌రైజర్స్ హైదరాబాద్ తరఫున వార్నర్ 2015, 2017, 2019లలో ఆరెంజ్ క్యాప్ తీసుకున్నాడు, మధ్యలో 2018లో విలియమ్సన్ తీసుకున్నాడు. భువనేశ్వర్ కుమార్ 2016, 2017లలో వరుసగా పర్పుల్ క్యాప్ తీసుకున్నాడు. ఎవరూ కాదనలేదు. పేచీ అంతా మూడో బహుమతి దగ్గర. దాని పేరు 'అత్యంత విలువైన ఆటగాడు'. పరుగులను లెక్కపెట్టవచ్చు, వికెట్లనూ లెక్కపెట్టవచ్చు. విలువను లెక్కపెట్టేదెట్లా?

2016 సంగతి చూడండి. బెంగళూరు కెప్టెన్ కోహ్లీ ఆ ఒక్క సీజనులో 973 పరుగులు చేశాడు. నాలుగు సెంచరీలు. అంతకు ముందు ఒక సీజనులో ఎవరూ 733 దాటలేదు. ఆ 973ను 2025 సీజను ముగిసేదాకా ఎవరూ అందుకోలేదు కూడా. మన కెప్టెన్ వార్నర్ 848 చేశాడు. అత్యంత విలువైన ఆటగాడి బహుమతి కోహ్లీకే వెళ్లింది. కప్పు మాత్రం మే 29న బెంగళూరులోనే, వాళ్ల ప్రేక్షకుల ముందే, ఎనిమిది పరుగుల తేడాతో మనకు వచ్చింది.

మా హాస్టల్లో వార్నర్ పక్షం వాదన ఇది. కోహ్లీ వెనక డివిలియర్స్ 687 పరుగులతో ఉన్నాడు, రాహుల్ 397తో ఉన్నాడు. వార్నర్ వెనక ధావన్ 501 చేస్తే, మూడోవాడు 300 కూడా చేరలేదు. ఢిల్లీలో గుజరాత్ లయన్స్ మీద రెండో క్వాలిఫయరులో 163 కొట్టవలసి వస్తే, వార్నర్ 58 బంతుల్లో 93 చేసి చివరిదాకా నిలబడ్డాడు. మనవాళ్లలో మరెవ్వరూ 30 దాటలేదు. "వార్నర్ను తీసేస్తే మిగిలేదేంది? గుండుసున్న!" అంటాడు మా పక్క గది మిత్రుడు. కోహ్లీ పక్షంవాళ్లేమో, "ఎవడు ఎంత కొట్టిండో చూడాలె గాని, వెనక ఎవడున్నడో చూసుడేంది?" అంటారు. ఈ వాదన రాత్రి పన్నెండు దాటినా సాగుతుంది. వార్డెన్ గారి టార్చిలైటు ఒక్కటే దానికి తీర్పు.

ఇదే తగువు అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్ల మీద తొంభై ఏళ్లుగా నడుస్తున్నది. బేస్‌బాల్ తెలియనివారికి ఒక ముక్క: కర్రతో బంతిని కొట్టి, నాలుగు మూలలూ చుట్టి వస్తే ఒక పరుగు. మన ఊళ్ల చిర్రగోనెకు దూరపు చుట్టం అనుకోవచ్చు. అక్కడ విలువైన ఆటగాణ్ణి పత్రికా రచయితలు ఎన్నుకుంటారు. ఒక్కొక్కరు పది పేర్లు వరుసగా రాస్తారు, మొదటి పేరుకు 14 పాయింట్లు, రెండోదానికి 9, మూడోదానికి 8, అట్లా ఒకటి దాకా. చివరి టైటిల్ పోరు మొదలుకాకముందే ఓట్లు వేసేయాలి. ఇది నాకు నచ్చిన నియమం. ఫైనల్లో మెరిసినవాడి వెలుగు కళ్లల్లో పడి ఏడాది పొడుగునా పాటుపడినవాడు కనిపించకుండా పోడు.

అక్కడ కొట్టే సగటు, హోంరన్లు, తెప్పించిన పరుగులు, ఈ మూడింటిలోనూ ఒకే ఆటగాడు లీగులో మొదటివాడైతే దాన్ని ట్రిపుల్ క్రౌన్ అంటారు. 1934లో లూ గెరిగ్ ఆ మూడూ సాధించాడు. ఓట్లలో అయిదో స్థానం! బహుమతి మిక్కీ కాక్రేన్‌కు పోయింది, ఎందుకంటే ఆయన జట్టు లీగు గెలిచింది. 1947లో టెడ్ విలియమ్స్ ట్రిపుల్ క్రౌన్ సాధించి 201 పాయింట్లు తెచ్చుకుంటే, జో డిమాజియోకు 202 వచ్చాయి. ఒక్క పాయింటు. డిమాజియో జట్టు లీగు గెలిచింది. ఇక 2012లో మిగెల్ కబ్రేరా 1967 తర్వాత మొదటి ట్రిపుల్ క్రౌన్ సాధించాడు. కాని ఆ ఏడు మైక్ ట్రౌట్ అనే ఇరవై, ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడు (మా ఈడువాడే) బంతులు పట్టడంలో, మూలల మధ్య పరుగెత్తడంలో జట్టుకు తెచ్చినదంతా కూడితే అతనిదే పైచేయి అని లెక్కల పండితులు పట్టుబట్టారు. 28 మంది ఓటర్లలో 22 మంది కబ్రేరా పేరే మొదట రాశారు.

ఆ పండితుల లెక్క సూత్రం మాత్రం సైన్సు విద్యార్థికి చప్పున అర్థమవుతుంది. ఫలానా ఆటగాడు లేకుండా, అతని స్థానంలో తేలికగా దొరికే మామూలు ఆటగాణ్ణి పెడితే జట్టుకు ఎన్ని గెలుపులు తగ్గేవి? ఆ తేడాయే అతని విలువ. రసాయనశాలలో మనం చేసే బ్లాంక్ టైట్రేషన్ ఇదే గదా! అసలు పదార్థం వేయకుండా ఒకసారి రీడింగు తీసి, దాన్ని తీసివేయనిదే డెమాన్‌స్ట్రేటరు గారు రికార్డు మీద సంతకం పెట్టరు. మా పక్క గది మిత్రుడు గుండుసున్న అని చేసే వాదన కూడా, సూత్రం పేరు తెలియకపోయినా, ఇదే.

ఐపీఎల్లో ఓట్లు లేవు, పాయింట్ల పట్టిక ఉన్నది. 2018లో లెక్క ఇది: ఫోరుకు 2.5, సిక్సరుకు 3.5, వికెట్టుకు 3.5, పరుగు రాని బంతి వేస్తే 1, క్యాచికి గాని స్టంపింగుకు గాని 2.5. చూడటానికి నిక్కచ్చిగా ఉన్నది. అందులో లేనిదేమిటో చూడండి. సింగిల్ లేదు! వికెట్ల మధ్య పరుగెత్తి తీసిన పరుగుకు ఆ పట్టికలో విలువ సున్న.

ఆ ఏడు విలియమ్సన్ 735 పరుగులతో ఆరెంజ్ క్యాప్ పెట్టుకున్నాడు. 64 ఫోర్లు, 28 సిక్సర్లు, కలిపి 424 పరుగులు. మిగిలిన 311 పరుగులు కాళ్లతో తీసినవి. అంటే నూటికి 42 పాళ్లకు పైగా కష్టం పట్టికలో ఎక్కడా పడలేదు. బహుమతి కోల్‌కతా ఆటగాడు సునీల్ నరైన్‌కు వచ్చింది: 357 పరుగులు, 17 వికెట్లు. నరైన్ తక్కువవాడని నేననను. బంతితోనూ బ్యాటుతోనూ మ్యాచి తిప్పేవాడు. కాని ఆ ఏడు కోల్‌కతాను వాళ్ల ఈడెన్ గార్డెన్స్‌లోనే ఓడించి ఫైనలు చేరినది విలియమ్సన్ జట్టు. సింగిల్‌కు అర పాయింటు ఇచ్చి ఉంటే బహుమతి చేతులు మారేదా, మారదా అన్నది అటుంచండి. ఆ అర పాయింటు వద్దని ఎవరు, ఎప్పుడు, ఎందుకు అనుకున్నారన్నదే నా ప్రశ్న.

మా నాయన వడ్లు అమ్మడానికి కొనుగోలు కేంద్రానికి పోయినప్పుడు ధర గురించి ఒక్క మాటా మాట్లాడడు. ధర ప్రభుత్వం చెప్పిందే. ఆయన పంచాయితీ అంతా తేమ చూసే మిషను దగ్గరే. 17 శాతం దాటితే బస్తాలు కల్లంలోనే పడుంటాయి. "మిషను ఏ గింజలల్ల పెట్టినవ్, కుప్ప మీదియా, అడుగుయా?" అని అడుగుతాడు. బహుమతి చర్చల్లో మనం ఈ ప్రశ్న అడగం. గింజల గురించి కొట్లాడుకుంటాం, మిషను ఎక్కడ పెట్టారో చూడం.

మన హైదరాబాదు పేరే ముడిపడిన ఉదాహరణ ఇంకొకటున్నది. 2015లో సానియా మీర్జా మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్ డబుల్స్ గెలిచింది. అదే ఆగస్టు 29న రాజీవ్ ఖేల్ రత్న అందుకున్నది. లండన్ పారాలింపిక్స్‌లో, 2012లో, హైజంప్‌లో వెండి పతకం తెచ్చిన హెచ్.ఎన్. గిరీశ, పాయింట్ల పట్టిక ప్రకారం తానే ముందున్నానని కర్ణాటక హైకోర్టుకు వెళ్లాడు. ఆ పట్టికలో గ్రాండ్ స్లాం టోర్నమెంట్లకు పాయింట్లే లేవు! వింబుల్డన్ గెలుపు సున్నగా మిగిలే పట్టిక ఒకవైపు, ఉన్న పట్టికను నమ్ముకున్న క్రీడాకారుడు మరొకవైపు. గిరీశ అడిగినదాన్ని తప్పనలేం, సానియాకు రాకూడదనీ అనలేం. తప్పు పట్టికది. మరుసటి ఏడు, రియో ఒలింపిక్స్ తర్వాత, గచ్చిబౌలి అకాడమీలో తయారైన పి.వి. సింధుతో పాటు సాక్షి మలిక్, దీపా కర్మాకర్, జీతూ రాయ్ నలుగురికీ ఖేల్ రత్న ఇచ్చారు. నలుగురికీ ఇస్తే తగువుండదు నిజమే. ప్రతి ఏడూ అట్లా తప్పించుకోవడం కుదరదు.

ఇంతకూ 2016లో నా ఓటు ఎవరికి? వార్నర్‌కు కాదు, కోహ్లీకి కాదు. భువనేశ్వర్‌కు. ఆ ఫైనల్ స్కోరు కార్డు తీసి చూడండి. రెండు జట్లూ కలిసి 40 ఓవర్లలో 408 పరుగులు, అంటే ఓవరుకు పదికి పైన. అందులో భువనేశ్వర్ నాలుగు ఓవర్లకు ఇచ్చినవి 25. వికెట్లు: సున్న. చివరి ఓవరులో బెంగళూరుకు 18 కావాలి, అతను 9 ఇచ్చాడు. మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ బెన్ కటింగ్. 15 బంతుల్లో 39 కొట్టి రెండు వికెట్లు తీశాడు, కాదనను. కాని వికెట్ల గడిలో సున్న ఉన్న మనిషే ఆ కప్పును పట్టుకుని నిలబెట్టాడని నా అభిప్రాయం. తొలి ఓవరులో పరుగు రాని బంతికీ, చివరి ఓవరులో పరుగు రాని బంతికీ పట్టికలో ఒకటే పాయింటు. ఎండాకాలం నీళ్లకూ వానాకాలం నీళ్లకూ ఒకటే వెల కట్టినట్టున్నది.

ఇప్పుడు ఇంటి సంగతికి వస్తాను. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే. మన కళాశాల ఛాంపియన్ షీల్డుకు కూడా ఒక పట్టిక ఉన్నది. వ్యక్తిగత అంశాలలో మొదటి స్థానానికి 5, రెండోదానికి 3, మూడోదానికి 1. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ జట్ల ఆటలకు ఏమీ లేదు. కిందటేడు షీల్డు గెలిచిన మిత్రుడు 100 మీటర్లు, 200 మీటర్లు, లాంగ్‌జంప్ మూడూ గెలిచి 15 పాయింట్లు తెచ్చుకున్నాడు. అతని గెలుపు గెలుపే. కాని మూడేళ్లు మన కబడ్డీ జట్టుకు ఎడమ మూల కాసి, అంతర్ కళాశాలల పోటీలో కప్పు తెచ్చిన జట్టులో వెన్నెముకగా నిలిచినవాడికి ఎన్ని పాయింట్లు? సున్న. అతను కూలికి పోయే ఇంటి పిల్లవాడు. వ్యాయామ విద్య కోర్సుకు దరఖాస్తు పెడుతూ, జత చేయడానికి షీల్డు సర్టిఫికెట్టు ఉంటే బాగుండునని అడిగాడు. ఇవ్వడానికి నియమం లేదన్నారు. నియమం లేదన్న మాట నిజమే.

కనుక వచ్చే సర్వసభ్య సమావేశానికి నా ప్రతిపాదన ఇది. కబడ్డీ ఆటలో రైడరును పట్టిన ప్రతి పట్టూ స్కోరు షీటులో ఉంటుంది. ఖోఖోలో ఎవరు ఎన్ని నిమిషాలు చిక్కకుండా నిలిచారో గడియారం చెపుతుంది. ఆ షీట్లను ఆట కాగానే పారేయకుండా యూనియన్ ఆఫీసులో ఫైలు చేయాలి. షీల్డులో సగం పాయింట్లు ఇప్పటి పట్టిక నుంచీ, సగం ఓట్ల నుంచీ రావాలి. ఓటు ప్రతి జట్టు కెప్టెనుకూ ఉండాలి, కాని తన జట్టువాడికి వేయరాదు. మీద పడి ఆడినవాడికే ఎదుటివాడి విలువ తెలుస్తుంది. మూడు పేర్లు రాయాలి, 5, 3, 1. ఓట్ల కాగితాలు వార్షికోత్సవం ఫైనళ్లకు ముందు రోజు సాయంత్రమే పెట్టెలో పడాలి. మరునాడు ఫలితంతో పాటు ఎవరు ఎవరికి వేశారో నోటీసు బోర్డు మీద అంటించాలి.

దీనిలో లొసుగులుంటాయి. కెప్టెన్లు కూడబలుక్కోవచ్చు, చెస్ ఆడేవారికి ఇందులో చోటెక్కడని ఒక మిత్రురాలు అప్పుడే అడిగింది, నా దగ్గర ఇంకా జవాబు లేదు. సవరణలు రాసి యూనియన్ కార్యదర్శి గారికి ఇవ్వవలసిందిగా మనవి.