పగటి కునుకుకూ ఒక పద్ధతి ఉంది

మధ్యాహ్నం నడుం వాల్చే పెద్దవాళ్లను బద్ధకస్తులని అనకండి. అరవై దాటాక రాత్రి నిద్ర పలచబడుతుంది, మధ్యమధ్యలో తెగిపోతుంది. దానికితోడు మధ్యాహ్నం ఒంటిగంట, మూడు గంటల మధ్య ఏ వయసువారికైనా చురుకుదనం కాస్త తగ్గుతుంది. పగటి నిద్రకు సవాలక్ష నిబంధనలు పెట్టిన చరక సంహిత కూడా వృద్ధులకు మినహాయింపు ఇచ్చింది. కాబట్టి కునుకు తీయండి, తప్పులేదు. కాకపోతే దాన్ని మీ అదుపులో ఉంచుకోండి. అది అదుపు తప్పుతోందనిపిస్తే ముందుగా మీ ఊపిరిని గమనించండి.

తినగానే వాలిపోవద్దు

ముద్దపప్పు, ఆవకాయ, గడ్డపెరుగుతో కడుపునిండా తిని వెల్లకిలా పడుకుంటే ఏమవుతుంది? నిండిన పొట్ట ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ అనే కండరాన్ని పైకి నెడుతుంది. ఊపిరితిత్తులు విచ్చుకునే చోటు తగ్గుతుంది. వయసుతో ఛాతీ గూడు ఎలాగూ బిగుసుకుని ఉంటుంది కనుక ఆయాసం ఇట్టే తెలుస్తుంది. పొట్టలోని ఆమ్లం గొంతులోకి ఎగదన్ని, ఏ కాస్తో శ్వాసనాళంలోకి జారితే దగ్గు పట్టుకుంటుంది. ఒక్కోసారి అది న్యుమోనియాకూ దారితీస్తుంది.

అందుకే మధ్యాహ్నం ఒక ముద్ద తక్కువే తినండి. తిన్నాక వరండాలో నాలుగు అడుగులు వేయండి. వెంటనే మంచమెక్కకుండా, తల ఎత్తుగా ఉండేలా వాలుకుర్చీలో విశ్రమించండి. మంచమే కావాలనుకుంటే కాసేపు ఆగి, ఎడమవైపు తిరిగి పడుకోండి.

అరగంట దాటనివ్వద్దు

దూరప్రయాణాల విమానాలు నడిపే పైలట్లకు నాసా పరిశోధకులు 40 నిమిషాల విరామం ఇచ్చి చూశారు. వాళ్లు సగటున 26 నిమిషాలు నిద్రపోయారు. ఆ కాస్త నిద్రతోనే వారిలో అప్రమత్తత పెరిగిందని 1994 నాటి నివేదిక చెబుతోంది. మనకూ 20 నుంచి 30 నిమిషాలు చాలు. అంతకు మించితే గాఢనిద్రలోకి జారుకుంటాం, లేచాక తల దిమ్ముగా ఉంటుంది. మూడు దాటాక పడుకుంటే రాత్రి నిద్ర దెబ్బతింటుంది. అలారం పెట్టుకోండి. మోగగానే గభాలున నిలబడకండి. మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, తల తిరగడం లేదని చూసుకుని అడుగు వేయండి.

కునుకు పెరిగితే కారణం వెతకండి

అరగంట కునుకు రెండు గంటలకు పెరిగిందా? పేపరు చదువుతూ, టీవీ చూస్తూ కూడా తూగుతున్నారా? వయసు మీదపడిందని సరిపెట్టుకోకండి. రాత్రి ఏం జరుగుతోందో ఇంట్లోవాళ్లను గమనించమనండి. పెద్దగా వస్తున్న గురక ఠక్కున ఆగిపోతుంది. ఛాతీ ఎగసిపడుతూనే ఉంటుంది కానీ గాలి లోపలికి పోదు. 10 సెకన్లు, 20 సెకన్లు... అంతలో ఉక్కిరిబిక్కిరై, గుర్రుమని ఊపిరి పీల్చి మళ్లీ గురక అందుకుంటారు. దీన్నే స్లీప్ ఆప్నియా అంటారు. గంటకు 30 సార్లో అంతకంటే ఎక్కువో ఇలా జరిగితే తీవ్రమైనట్టే. పడుకున్న మనిషికి పొద్దున ఇవేవీ గుర్తుండవు, పగలంతా మత్తు మాత్రం మిగులుతుంది. దీనికి చికిత్స ఉంది. ముక్కుకు మాస్కు పెట్టి గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ పద్ధతిని ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సల్లివాన్ 1981లోనే లోకానికి చూపించారు.

ఏళ్ల తరబడి బీడీ, చుట్ట కాల్చినవారు, కట్టెల పొయ్యి ముందు వంటచేసిన అమ్మలు మరింత జాగ్రత్తగా ఉండాలి. వీళ్లకు సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ముప్పు ఎక్కువ. ఆ జబ్బు ముదిరితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పొద్దున్నే తలనొప్పి, పగలు మగత వస్తాయి. ఇలాంటప్పుడు సొంతంగా నిద్రమాత్ర వేసుకోవడం ప్రమాదం, అది ఊపిరిని మరింత మందగింపజేస్తుంది. ఇంట్లో ఆక్సిజన్ వాడేవారు దాని మోతాదును డాక్టర్ చెప్పకుండా పెంచకూడదు. పెదవులు నీలిరంగుకు తిరిగినా, మాట తడబడినా, తట్టి లేపినా లేవకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఈ వారం ఇలా చేయండి

ఒక చిన్న నోటుపుస్తకం తీసుకోండి. ఎన్నింటికి పడుకున్నారు, ఎంతసేపు నిద్రపోయారు, లేచాక హుషారుగా ఉందా, దగ్గో ఆయాసమో వచ్చిందా, అన్నీ రాయండి. పిల్లలూ, మీరు నాన్న నిద్ర గురించి విసుక్కోవద్దు. రాత్రి ఆయన గురకను ఫోన్‌లో రికార్డు చేయండి. ఈ రెండూ తీసుకుని ఛాతీ వైద్యుణ్ని కలవండి. పగటి మత్తును అంచనా వేసే ఎప్‌వర్త్ స్కేలులో ఎనిమిదే ప్రశ్నలుంటాయి. మొత్తం 24కి మీ స్కోరు 10 దాటితే పరీక్షలు చేయించుకోవాల్సిందే.

వయసును ఆపడం ఎవరి తరమూ కాదు. ఎంత తినాలి, ఎలా పడుకోవాలి, ఎప్పుడు లేవాలి, ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి అన్నవి మాత్రం ఇప్పటికీ మీ చేతిలోనే ఉన్నాయి. వాటిని వదులుకోకండి.