ట్విన్ ఆటరు విమానము – దాని సేవలు, ప్రమాదములు

ప్రయాణ విమానములనగానే మన విద్యార్థుల మనస్సునకు తోచునవి వందలకొలది జనులను సముద్రములు దాటించు మహావిమానములే. వానికి రెండుమైళ్ల పొడవుగల బాటలును, దీపపంక్తులును, గొప్ప కట్టడములును కావలయును. అట్టి వసతులు లేని కొండపల్లెలకును, దీవులకును, మంచునేలలకును పోవుటకు వేఱొకజాతి విమానములు గలవు. వానిలో మిక్కిలి పేరుపొందిన ట్విన్ ఆటరును గూర్చి యిచ్చట వ్రాయ సంకల్పించితిమి. సేవలను చెప్పి ప్రమాదములను దాచినచో చరిత్ర సగమే యగును గనుక రెంటిని చెప్పుదుము.

జననము

కెనడాదేశపు టుత్తరభాగము సరస్సులతోను అడవులతోను నిండి, బాటలు లేనిది. అట్టి సీమలకు పోవుటకై డి హావిలండ్ కెనడా అను సంఘమువారు చిన్న విమానములను కట్టి, వానికి తమ దేశపు జంతువుల పేరులు పెట్టుచుండిరి. ఆటరు అనగా నీటికుక్క. 1951లో మొదట నెగిరిన ఆటరు విమానమున కొక్క యంత్రమే యుండెను. అది యాగిపోయినచో నేలకు దిగుట తప్ప గత్యంతరము లేదు. ఈ లోపమును తీర్చుటకై రెండు టర్బైను యంత్రములతో దానిని పెంచి కట్టిరి. ట్విన్ అనగా జంట. ఇది 1965వ సంవత్సరము మే 20వ తేదీన టొరంటో నగరమునకు చేరువనున్న డౌన్స్‌వ్యూలో ప్రథమమున నెగిరెను. 1988లో నిర్మాణమును నిలుపునాటికి 844 విమానములు తయారైనవి. పిమ్మట వైకింగ్ ఎయిర్ అను మరియొక కెనడా సంఘమువారు దానిని కట్టుహక్కును పొందగా, 2010లో క్రొత్త ట్విన్ ఆటరు గాలిలోని కెగిరెను. నిలిచిపోయిన విమానమును ఇరువదియేండ్లు గడచిన తరువాత జనులు మరల కోరి కట్టించుకొనుట అరుదైన విషయము.

నిర్మాణము

దీని రెక్కలు దేహమునకు పైభాగమున నమర్పబడి, ఒక కొననుండి మఱియొక కొనకు 65 అడుగుల పొడవుండును. రెక్కల వెనుకటి యంచున వంచదగిన పలకలు గలవు. దిగునపుడు వానిని క్రిందికి వంచినచో రెక్కయొక్క వంపు హెచ్చి, తక్కువ వేగమునందును గాలి విమానమును మోయగలుగును. అందుచేతనే సుమారు 1,200 అడుగుల నేల యున్నచో నిది పైకి లేవగలదు. చక్రములు లోనికి ముడుచుకొనవు. వానికి బదులుగా మంచుమీద జారు పట్టీలనైనను, నీటిపై తేలు తెప్పలనైనను తగిలింపవచ్చును. దీనిలో సుమారు 19 మంది ప్రయాణికులు కూర్చుందురు.

సేవలు

స్కాట్లండుదేశమున బారా అను దీవిలో విమానములు సముద్రపు టిసుకమీదనే దిగును. పోటు వచ్చినపుడు ఆ బాట నీటిలో మునుగును గనుక, అచ్చట విమానముల వేళలను నిర్ణయించునది సముద్రమే. మాల్దీవులలో నివి తెప్పలతో నీటిపై దిగి దీవినుండి దీవికి జనులను చేర్చుచున్నవి. 2001వ సంవత్సరము ఏప్రిలు మాసమున దక్షిణధ్రువమునందలి స్థావరములో నొక వైద్యుడు జబ్బుపడెను. అచ్చట నది చలికాలపు చీకటి. ఆ కాలమున అక్కడికి విమానములు పోవు వాడుక లేదు. ఒక ట్విన్ ఆటరు రోథెరా స్థావరమునుండి పదిగంటలసేపు మంచుమీదుగా నెగిరి పోయి, ఆ వైద్యుని తీసికొనివచ్చెను.

మనకు పొరుగుననున్న నేపాలదేశమునకు ఈ విమానమువలన కలిగిన మేలు చెప్పరానిది. కాలినడకను దినములకొలది పట్టు దారి అరగంట ప్రయాణమయ్యెను. రోగులును, ఉప్పును, బియ్యమును, పుస్తకములును దీనిలో పోవుచుండెను. ఎవరెస్టు శిఖరమునకు పోవువారు దిగు లుక్లా విమానాశ్రయము 1964లో సర్ ఎడ్మండ్ హిల్లరీగారి పూనికతో నిర్మింపబడినది. అది సముద్రమట్టమునకు సుమారు 9,300 అడుగుల యెత్తున నున్నది. బాట పొడవు 1,729 అడుగులు మాత్రమే. ఒక కొనను కొండగోడ, రెండవ కొనను లోయ. బాట యేటవాలుగా నుండుటచే దిగు విమానము ఎగువకు పరుగిడి త్వరగా నిలుచును.

ఒక విమానముయొక్క కథ

నేపాలప్రభుత్వపు విమానసంఘమునకు 1971లో తయారైన యొక ట్విన్ ఆటరుండెను. 1973వ సంవత్సరము జూను 10వ తేదీన, రాజుయొక్క నిరంకుశపాలన నెదిరించుచుండిన నేపాలీ కాంగ్రెసు పక్షమువారు ముగ్గురు దానిని గాలిలో స్వాధీనపరచుకొని, మన బీహారులోని ఫార్బెస్‌గంజిలో గడ్డినేలమీద దింపించిరి. దానిలో పోవుచుండిన ముప్పదిలక్షల రూపాయల బ్యాంకుధనమును దింపుకొని వారు వెడలిపోయిరి. ఎవరికిని హాని కలుగలేదు. విమానమును మరల నెగిరి తన పనిలో ప్రవేశించెను. ఇట్టి విపత్తును దాటిన యావిమానమే 2014వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీన పోఖరానుండి జుమ్లాకు పోవుచు, మేఘములలో దారి తప్పి అర్ఘాఖాంచీ జిల్లాలో కొండకు తగిలెను. దానిలోని 18 మందియు మరణించిరి.

ప్రమాదములు

విమానము ముదుసలిదగుటచే నట్లయ్యెనని కొందఱనవచ్చును. కాని 2016వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన పోఖరానుండి జోమ్‌సోమ్‌నకు పోవుచు కొండకు తగిలిన ట్విన్ ఆటరు క్రొత్తగా కట్టబడినది. 23 మంది గతించిరి. 2022వ సంవత్సరము మే 29వ తేదీన అదే మార్గమున మరియొకటి కూలెను. గతించిన 22 మందిలో మన దేశీయులు నలుగురుండిరి. 2008వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన లుక్లాలో దిగబోవు విమానమును పొగమంచు కమ్మగా, అది బాటకు కొంచెము క్రిందనే నేలకు తగిలి 18 మందిని బలిగొనెను. ప్రధాన చోదకు డొక్కడే బ్రతికెను.

ఈ నాలుగింటియందును సామాన్యమైన కారణ మొక్కటి కనబడుచున్నది. ఆ కొండదారులలో చోదకుడు కన్నులతో నేలను చూచుచు నడపవలయును; మేఘములో ప్రవేశింపరాదు. మేఘములో పైదేదో క్రిందిదేదో దేహమునకు తెలియదు. లోయ యిరుకైనచో తిరుగుటకు చోటుండదు. 2022నాటి విమానమున కొండ సమీపించినపుడు కేకవేసి హెచ్చరించు సాధన ముండినను, అది పనిచేయకుండ నాపివేయబడియుండెనని విచారణసంఘమువారు కనుగొనిరి.

యంత్రభాగముల లోపమువలన కలిగిన విపత్తునకు పసిఫిక్ సముద్రమునందలి మోరియా దీవి దృష్టాంతము. 2007వ సంవత్సరము ఆగష్టు 9వ తేదీన అచ్చటనుండి పపేటీ నగరమునకు, ఏడెనిమిది నిమిషముల ప్రయాణమునకు, ఒక ట్విన్ ఆటరు బయలుదేరెను. చోదకుడు రెక్కపలకలను యథాస్థితికి తెచ్చిన సమయమున, ముక్కు నెత్తుటకై తోకపలకకు పోవు ఉక్కుత్రాడు తెగెను. విమానము సముద్రములో పడి 20 మందియు మరణించిరి. ఆ త్రాడు ఒరిపిడిచే కొంత యరిగియుండెను. విమానము నిలిచియున్నపుడు పెద్దవిమానముల యంత్రములనుండి వెడలు గాలితాకిడివలన మిగిలిన పోగులు కొన్ని తెగియుండునని పరిశోధకులు తలంచిరి. చూచినచో కనబడదగినంత చిన్నలోపము ఇరువది ప్రాణములను తీసికొనిపోయెను.

ముగింపు

ధ్రువపు చీకటిలో పోయి రోగిని తెచ్చినదియు, అరిగిన త్రాడుతో సముద్రములో పడినదియు ఒకే జాతి విమానమే. కాబట్టి భేదము విమానమునందు గాక దానిని కాచు మనుష్యుల జాగ్రత్తయందు నున్నది. త్రాడును తడవి చూచు పనివాని పేరు ప్రయాణికు లెఱుగరు. మేఘమును చూచి వెనుకకు తిరిగిన చోదకుని ఎవరును మెచ్చుకొనరు, ఆలస్యమైనదని విసుగుకొందురు. అయినను, వీరి మూలముననే ప్రతిదినము విమానములు క్షేమముగా చేరుచున్నవి. మన విద్యార్థులలో యంత్రవిద్య నభ్యసింపబోవువారు దీనిని మనస్సున నుంచుకొందురు గాక. తలిదండ్రులును, ప్రయాణ మాగిపోయిన దినమున, ఆపినవానిని నిందింపక వందనము చెప్పుదురు గాక.