బుడగలు చూపే దారి

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వాసులకు కడుపు మీద జెల్ రాసి తీసే స్కానింగ్ తెలిసిందే. దానితో గడ్డ కరగదా అని కొందరు అడుగుతారు. కరగదు, అది చూడటానికే. కానీ అలాంటి ధ్వని తరంగాలనే ఎంతో ఎక్కువ బలంతో ఒకే చోటికి గురిపెడితే, అక్కడ సన్నని బుడగలు పుట్టి, రెప్పపాటులో ఉబ్బి కూలి, కణాలను నలగ్గొడతాయి. కత్తి కోత ఉండదు. ఇదే హిస్టోట్రిప్సీ. కాలేయపు గడ్డలకు దీన్ని 2023 అక్టోబరులో అమెరికా ఎఫ్.డి.ఎ. అనుమతించింది.

మరి దెబ్బ గడ్డకే తగులుతోందని డాక్టరుకు ఎలా తెలుస్తుంది? బుడగలే చెబుతాయి. అవి ధ్వనిని బలంగా తిప్పికొడతాయి కనుక స్కానింగ్ తెరపై ఆ చోటు తెల్లగా మెరుస్తుంది. కణాలు నలిగాక నల్లబడుతుంది. ఊపిరి తీసినప్పుడల్లా కాలేయం కదులుతుంది. అందుకే డాక్టరు కళ్ళు ఆ తెల్లమచ్చ మీదే ఉంటాయి. అది ముందే అనుకున్న హద్దు దాటితే వెంటనే ఆపాలి.