మూడు గిన్నెలు చాలు
(బొమ్మల తరగతి పాఠం)



ప్రతి ఆదివారం టిఫిన్ అయ్యాక వరండాలో మూడు, నాలుగు తరగతుల పిల్లలకు బొమ్మల తరగతి చెప్తున్నాను. "రంగులు పూయడమే కదా, అందులో నేర్పేదేముంది?" అని చాలామంది అడుగుతున్నారు. వచ్చే ఏడాది పదో తరగతి స్టడీ అవర్లు ఉంటాయి కాబట్టి నాకు వీలు పడదు. ఈ తరగతి ఆగిపోకుండా మీలో ఒకరు నడపాలి. అందుకే పద్ధతి అంతా వివరంగా రాస్తున్నాను.

1. ఏ సామాను కావాలి?

పన్నెండు రంగుల పెట్టె అక్కర్లేదు. పసుపు, ఎరుపు, నీలం పోస్టర్ కలర్ సీసాలు మూడు, తెలుపు ఒకటి కొంటే చాలు. ఎరుపు కొనేటప్పుడు ఒక జాగ్రత్త: నారింజ వైపు మొగ్గే ఎరుపు కాకుండా, దానిమ్మ గింజలాంటి ఎరుపు తీసుకోండి. దుకాణంలో క్రిమ్సన్ అని అడిగితే ఇస్తారు. నారింజ వైపు ఎరుపులో నీలం కలిపితే ఊదా రంగు రాదు, బురద రంగు వస్తుంది.

రంగులు పోసుకోవడానికి కొబ్బరి చిప్పలు, కలుపుకోవడానికి పాత స్టీలు పళ్ళెం. కుంచెలు సరిపోకపోతే సన్నని వెదురు పుల్ల చివర రాయితో నలగ్గొట్టండి, పీచు తేలి కుంచె అవుతుంది. కాగితానికి అయిపోయిన పరీక్ష పేపర్ల వెనక వైపు, పాత క్యాలెండర్ల వెనక వైపు బాగుంటాయి. నీళ్ళు రెండు డబ్బాల్లో పెట్టాలి. ఒకటి కుంచె కడగడానికి, రెండోది రంగులో కలపడానికి. ఒకే డబ్బా పెడితే పది నిమిషాలకే అన్ని రంగులూ మురికిగా మారిపోతాయి.

2. మొదటి వారం: కలపడం

మొదటి వారం బొమ్మ వేయించకూడదు. ఊరికే కలపనివ్వాలి. పసుపులో ఎరుపు కలిస్తే నారింజ, పసుపులో నీలం కలిస్తే ఆకుపచ్చ, ఎరుపులో నీలం కలిస్తే ఊదా. ఇది ముందుగా చెప్పెయ్యకండి. వాళ్ళ చేతుల్లో అది మారుతుంటే వాళ్ళే కేక వేస్తారు. ఆ కేక వచ్చాక రంగు పేరు బోర్డు మీద రాయండి.

ఒక్క నియమం మాత్రం ముందే చెప్పాలి: లేత రంగులో ముదురు రంగు వెయ్యాలి గాని, ముదురులో లేత వెయ్యకూడదు. పసుపు గిన్నెలో ఒక్క చుక్క నీలం వేస్తే చిగురాకు రంగు వస్తుంది. నీలం గిన్నెలో పసుపు పోస్తూ పోతే సీసా ఖాళీ అవుతుంది గాని చిగురాకు రంగు రాదు.

ఇంత తక్కువ రంగులతో అన్నీ వస్తాయా అని అనుమానం ఉన్నవాళ్ళు మన తెలుగు వాచకంలో రంగు బొమ్మని సైన్సు ల్యాబులోని భూతద్దంతో చూడండి. చిన్న చిన్న చుక్కలు కనిపిస్తాయి. అవి నాలుగే రంగులు: ఆకాశంలాంటి నీలం, గులాబీలాంటి ఎరుపు, పసుపు, నలుపు. ప్రెస్సులో పుస్తకం మొత్తం ఆ నాలుగు సిరాలతోనే అచ్చు వేస్తారు.

3. పచ్చ అంటే ఏ పచ్చ?

చిన్నవాళ్ళని "పచ్చ వెయ్యి" అంటే సగంమంది పసుపులో ముంచుతారు, సగంమంది ఆకు రంగులో ముంచుతారు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. తెలుగులో పచ్చ అనే మాట రెండింటికీ ఉంది. పచ్చకామెర్లు అంటే కళ్ళు పసుపు రంగుకి వస్తాయి. పచ్చజెండా అంటే ఆకు రంగు. అందుకని తరగతిలో "పసుపుపచ్చ", "ఆకుపచ్చ" అని పూర్తిగా పలకాలి.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది. మూడో తరగతిలో కొత్తగా చేరినవాళ్ళు ఇంట్లో సవర మాట్లాడతారు. తెలుగు ఇంకా నోట్లో తిరగదు. క్లాసులో సారు అడిగితే తల దించుకునేవాళ్ళు రంగుల దగ్గర మాత్రం మాట్లాడతారు. కాబట్టి రంగు పూసిన చోట పక్కనే రెండు పేర్లు రాయిస్తున్నాను. ఒకటి తెలుగు పేరు, ఇంకొకటి వాళ్ళ ఇంటి మాట, రెండూ తెలుగు అక్షరాల్లోనే. ఇంటి మాట నాకు వాళ్ళే నేర్పుతున్నారు.

4. ఒంటి రంగు

ఇది అన్నిటికంటే ముఖ్యమైన పాఠం. దసరా సెలవుల తర్వాత "నేను, మా ఇల్లు" అని బొమ్మ వేయమన్నాను. నాలుగో తరగతి చిన్నది ఒకతి ఇంటి గోడకి ఎర్రమట్టి రంగు, మేకకి నలుపు, కొండకి నీలం వేసింది. తన మొహం మాత్రం తెల్లగా వదిలేసింది. "ఎందుకమ్మా?" అంటే "నా రంగు లేదు గదా అన్నయ్యా" అంది. పక్క పిల్లాడు తన క్రేయాన్ పెట్టెలోంచి లేత గులాబీ పుల్ల తీసి ఇచ్చాడు. దాని మీద స్కిన్ అని రాసుంది. ఆ పిల్ల పుల్లని తన చేతి పక్కన పెట్టి చూసుకుని తిరిగి ఇచ్చేసింది.

అప్పుడు అందరినీ చెయ్యి చాపమని, ఎవరి రంగు వాళ్ళని కలపమన్నాను. పద్ధతి ఇదీ. ముందు పసుపులో ఎరుపు వేసి నారింజ చెయ్యాలి. దాంట్లో కుంచె మొనతో నీలం కొంచెం కొంచెంగా కలపాలి. మూడు రంగులూ కలిసేసరికి గోధుమ రంగు వస్తుంది. మరీ ముదిరితే పసుపు, మరీ ఎర్రగా ఉంటే ఇంకో చుక్క నీలం, లేత కావాలంటే కాస్త తెలుపు. మధ్య మధ్యలో ముంజేతి మీద చుక్క పెట్టుకుని సరిచూసుకోవాలి. చుక్క కనిపించకుండా పోయిందా, అదే మన రంగు.

ఆ రోజు పద్దెనిమిది మంది వచ్చారు. పద్దెనిమిది రంగులు వచ్చాయి. పేర్లు వాళ్ళే పెట్టారు: చింతగింజ రంగు, చోడిపిండి రంగు, కొత్తకుండ రంగు, ఎండిన అడ్డాకు రంగు, తేనె రంగు. ఆ చిన్నది తన మొహానికి చింతగింజ రంగు వేసుకుని, మిగిలింది వాళ్ళమ్మకి వేసింది.

అమెరికాలో క్రేయోలా అనే కంపెనీ కూడా లేత గులాబీ పుల్లకి "ఒంటి రంగు" అనే అర్థం వచ్చే పేరు పెట్టి అమ్మేది. 1962లో ఆ పేరు తీసేసింది. 2020లో 24 రకాల ఒంటి రంగులతో ఒక పెట్టె తెచ్చింది. అంత కంపెనీకి 58 ఏళ్ళు పట్టింది. మన పిల్లలు ఒక్క పూటలో 18 కలిపారు.

5. మన ఊళ్ళో ఉన్న రంగులు

సీసాలు అయిపోతే తరగతి మానక్కర్లేదు. ఎర్రమట్టి, బొగ్గు, బియ్యప్పిండి ఎప్పుడూ ఉంటాయి. సవరల ఇళ్ళలో ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండి నీళ్ళతో మనుషుల్ని, చెట్లని, ఏనుగుల్ని వేస్తారు. రెండే రంగులు, అయినా గోడంతా నిండిపోతుంది. పసుపు నీళ్ళలో చిటికెడు సున్నం వేస్తే ఎర్రగా మారుతుంది. అదే పారాణి. కాకపోతే పసుపు ఎండకి వెలిసిపోతుంది, కాబట్టి ఆ బొమ్మల్ని నీడలో పెట్టాలి. పొడి రంగు కాగితానికి అంటుకోవాలంటే తుమ్మజిగురు గాని, చింతగింజల జిగురు గాని కలపాలి. చేర్యాల నకాషీ చిత్రకారులు చింతగింజల జిగురునే వాడతారు.

మన అమ్మానాన్నలు అడవిలో ఏరి జి.సి.సి. డిపోలో అమ్మే కరక్కాయ కూడా రంగుల సామానే. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డని ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచుతారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి కొన్ని వారాలు ఊరబెట్టిన నీళ్ళతో దాని మీద గీత గీస్తే నల్లగా తేలుతుంది. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నలుపు అవుతుంది. ఇది రసాయన శాస్త్రమే.

ఒక హెచ్చరిక: ఎర్ర సింధూరం పొడి పిల్లలకి ఇవ్వకండి. అందులో సీసం ఉంటుంది. చిన్నవాళ్ళు కుంచె నోట్లో పెట్టుకుంటారు. సున్నం కూడా పెద్దవాళ్ళే కలిపి ఇవ్వాలి, కంట్లో పడితే ప్రమాదం.

6. మిత్రులకు, సార్లకు విన్నపం

మిత్రులారా, నీలం ఆవుని చూసి నవ్వకండి. ఒకసారి నవ్వితే ఆ పిల్లాడు మళ్ళీ వారం కాగితం ముట్టుకోడు. "ఇదేం బొమ్మరా?" అనకుండా "దీని గురించి చెప్పు" అనండి. చెప్తాడు. వాళ్ళ కాగితం మీద మీరు గీత దిద్దకండి. దిద్దితే అది మీ బొమ్మ అవుతుంది.

వార్డెన్ సార్లకు మూడు కోరికలు. అయిపోయిన పరీక్ష పేపర్లు తూకానికి వెయ్యకుండా మాకు ఇప్పించండి. వంటగదిలో చొట్టపోయిన పళ్ళేలు రెండు ఇప్పించండి. ఈ గోడ పత్రిక పక్కన ఒక మూర జాగా ఇస్తే, పిల్లల పద్దెనిమిది మొహాలు అక్కడ అంటిస్తాము. ఇళ్ళ దగ్గర నుంచి పెద్దవాళ్ళు చూడ్డానికి వచ్చినప్పుడు తమ పిల్లల్ని గుర్తుపడతారు.

వచ్చే ఆదివారం కరక్కాయ నలుపు పాఠం. తరగతి నడపాలని ఉన్నవాళ్ళు నాలుగు కరక్కాయలు, ఒక తుప్పు మేకు పట్టుకుని రండి.

ఇట్లు
మీ మిత్రుడు,
9వ తరగతి